30/20 డాగ్ ఫుడ్ మన తోట కుక్కలకు పనికొస్తుందా? రెండు నెలలు పెట్టి చూశా

నమస్తే అందరికీ. వెనకాల ఆ గొలుసు చప్పుడు వినిపిస్తుంటే ఏమనుకోవద్దు, అది నల్లోడు. నేను ఈ సంచి చేతిలోకి తీసుకుంటే చాలు, వాడికి ఆగదు.

ముందుగా ఉన్నదున్నట్టు చెప్పేస్తా. ఈ కంపెనీవాళ్లు 3 కేజీల ప్యాకెట్టు ఉచితంగా పంపించారు. డబ్బులేమీ ఇవ్వలేదు. ప్యాకెట్టుతో పాటు 'వీడియోలో ఇవి చెప్పండి' అని ఒక పేజీ మెయిల్ కూడా పెట్టారు. ఒమేగా, మెరిసే బొచ్చు, కీళ్ల బలం... అవన్నీ సంచి మీదే ఉన్నాయి, మీరు వేరే చానళ్లలో వినేసి కూడా ఉంటారు. నేను చదవను.

పైగా 20 కేజీల కుక్కకు 3 కేజీలు పట్టుమని పది రోజులు రాదు. పాత తిండి కొంచెం కొంచెం తగ్గిస్తూ కొత్తది కలపడానికే వారం, పది రోజులు పడుతుంది. అంటే కుక్క కడుపు అలవాటు పడేసరికి ప్యాకెట్టు ఖాళీ. దాంతో ఏం రివ్యూ చేస్తామబ్బా? అందుకని 15 కేజీల సంచులు రెండు నా డబ్బుతోనే తెప్పించా. సంచి 5,700 పడింది. మా ఊళ్లో ఏ కంపెనీ డాగ్ ఫుడ్డయినా 'పెడిగ్రీ' అనే అంటారు. "పెడిగ్రీకి పదకొండు వేలు పోసినావా!" అని మా నాయన వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

మా వాళ్ల గురించి కొత్తవాళ్లకు ఒక మాట. మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం పక్కన పల్లె. నాలుగెకరాల మామిడి తోట, దాన్ని ఆనుకుని చెనక్కాయ చేను. నల్లోడు చిప్పిపారై అనే తమిళనాడు వేటకుక్క జాతి క్రాసు, నాలుగేళ్లు. రాత్రంతా తోట చుట్టూ తిరగడం, అడవి పందులు చేను తొక్కకుండా మొరిగి వెనక్కి పంపడం వాడి పని. వేటకు వదలడం వేరే సంగతి, అది నేరం, మనం దాని జోలికి పోం. పలమనేరు వైపు ఏనుగులు దిగాయని తెలిస్తే ఆ రాత్రి నల్లోణ్ణి కట్టేస్తాం. కుక్క ఏనుగును చూసి మొరిగి ఊరుకోదు, భయపడి నేరుగా మన దగ్గరికే పరిగెత్తి వస్తుంది, దాని వెనకే ఏనుగూ వస్తుంది. ఇక రెండోది గువ్వ. ఊరకుక్క, పదేళ్లు, వరండాలో పడుకోవడమే ఉద్యోగం.

సరే, 30/20. ముప్పై ప్రొటీన్, ఇరవై కొవ్వు. సంచి ముందువైపు ముప్పైని ఇంతెత్తున రాశారు, ఇరవైని మూలకు తోశారు. నాకైతే తిరగెయ్యాలనిపిస్తుంది. ఎక్కువసేపు పరిగెత్తే కుక్కకు ప్రధానమైన ఇంధనం కొవ్వు. ప్రొటీన్ కండ నిలబడడానికి, అరిగింది సరి చేసుకోవడానికి కావాలి. అలాస్కా మంచులో స్లెడ్జి లాగే పందెం కుక్కలు రోజుకు పదివేల కేలరీలు ఖర్చు పెడతాయి. వాటికి అంత శక్తి ఇచ్చేది కొవ్వే. మన నల్లోడు అంత పని చెయ్యడనుకోండి, కానీ లెక్క అదే.

ఇప్పుడు నా అసలు బాధకు వస్తా. తమ్ముడూ, కెమెరా కిందికి దించు, ఈ వెనక పట్టిక చూపించు. చూశారా? 20 కేజీల కుక్క, చురుకైనది అయితే 3 నుంచి 5 కప్పులు. ఏ కప్పు? సంచిలో కప్పు లేదు. మా ఇంట్లో ఉన్నవి కాఫీ గ్లాసు, చెంబు. ఇంక చురుకు అంటే ఏంటి? గువ్వ కూడా పాలవాడు వస్తే చురుగ్గానే ఉంటుంది. మూడుకీ అయిదుకీ మధ్య ఎంత తేడా! ఒక పూట తిండి కంటే ఎక్కువ. అన్నిటికన్నా ఘోరం, కేజీకి ఎన్ని కేలరీలో సంచి మీద ఎక్కడా లేదు. శక్తి కోసం అమ్మే తిండి ఇది, ఆ శక్తి ఎంతో మాత్రం రాయరు. డీజిల్ బంకులో లీటర్లు కనిపించకపోతే ఊరుకుంటామా?

అందుకని నేనే లెక్క కట్టా. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయంలో చదువుకున్న మా స్నేహితుడు నేర్పించాడు, మీరూ ఫోన్ తీసి నాతో పాటు చెయ్యండి. నూటికి ముప్పై ప్రొటీన్, ఇరవై కొవ్వు, తేమ 10, పీచు 3, బూడిద ఒక 7 వేసుకుందాం. బూడిద అంటే కల్తీ కాదు, ఖనిజాలు. ఇవన్నీ కలిపితే 70. మిగిలిన 30 పిండి పదార్థం. డాగ్ ఫుడ్డులో ప్రొటీన్‌కు, పిండికి గ్రాముకు మూడున్నర కేలరీలు, కొవ్వుకు ఎనిమిదిన్నర. 105, 170, 105. మొత్తం 380. అంటే వంద గ్రాములకు 380, కేజీకి 3,800 కేలరీలు.

ఇప్పుడు కుక్కకు ఎంత కావాలి? దాని బరువును మూడుసార్లు గుణించండి. 20 ఇంటూ 20 ఇంటూ 20, 8,000. ఇప్పుడు వర్గమూలం బటన్ రెండుసార్లు నొక్కండి. 9.46 దగ్గర వస్తుంది. దాన్ని 70తో గుణిస్తే 662. కుక్క ఊరికే పడుకుని ఊపిరి పీల్చుకోవడానికి పట్టే కేలరీలు అవి. ఇంట్లో తిరిగే కుక్కకు దానికి ఒకటిన్నర రెట్లు, నల్లోడిలా రాత్రి పని చేసేవాడికి రెండు రెట్లతో మొదలుపెట్టొచ్చు. రెండు రెట్లు అంటే 1,324 కేలరీలు. ఈ తిండిలో 350 గ్రాములు. అయిపోయింది. ఇంత చిన్న ముక్క సంచి మీద రాయడానికి వీళ్లకేం రోగం?

కప్పు సంగతి ఇంకా ఉంది. మొదటి నెల నేనూ వాళ్లు చెప్పినట్టే ఆన్‌లైన్‌లో ఒక కప్పు కొని, మూడు కప్పులు అని ఇంట్లో చెప్పా. తమ్ముడు వేస్తే అంచుదాకా వేసి వేలితో గీస్తాడు. మాయమ్మ వేస్తే గోపురం లేస్తుంది. ఒకరోజు అనుమానం వచ్చి ఇద్దరివీ కాటా మీద పెట్టా. తమ్ముడి కప్పు 100 గ్రాములు, మాయమ్మ కప్పు 140. మూడు కప్పులకు 120 గ్రాములు తేడా, అంటే రోజుకు 450 కేలరీలు పైమాటే! తమ్ముడు పొద్దున్నే కాలేజీకి పోతాడు కాబట్టి ఎక్కువ రోజులు అమ్మ చెయ్యే. నెల తిరిగేసరికి 20 కేజీలవాడు 21 దాటాడు. వాణ్ణి ఎత్తుకుని కాటా ఎక్కి, తర్వాత నా బరువు తీసేస్తా, అలా చూశా. ఇప్పుడు కిరాణా కొట్టువాళ్లు వాడే చిన్న కాటా వంటింట్లో పెట్టాం. "కుక్క కూడు కూడా తూకమేసే కాలం వచ్చె" అని మాయమ్మ ఇప్పటికీ అంటుంది.

ఆ కేజీ పెరిగినప్పుడు ఊళ్లో అందరూ ఏమన్నారో తెలుసా? "ఇప్పుడు బాగుండాడు నల్లోడు." అంతకుముందు, సరిగ్గా ఉన్నప్పుడేమో, "ఏమప్పా, కుక్కకు కూడు పెట్టవా, ఎముకలు కనపడతాండాయి" అనేవాళ్లు. చిప్పిపారై లాంటి వేగం జాతికి చివరి రెండు మూడు పక్కటెముకలు కొంచెం కనిపించడం తప్పు కాదు. కంటితో కాదు, చేత్తో చూడాలి. మీ చెయ్యి పిడికిలి బిగించి వేళ్ల గణుపుల మీద రెండో చేత్తో తడమండి. పక్కటెముకలు అలా తగిలితే కుక్క మరీ చిక్కిపోయింది. అరచెయ్యి కింది కండలా మెత్తగా తగిలితే కొవ్వు పట్టింది. చెయ్యి చాపి వెనకవైపు తడిమితే తగిలినట్టు ఉందా, సరిపోయింది. పైనుంచి చూస్తే నడుం లోపలికి తగ్గాలి. నేను ప్రతి ఆదివారం తడుముతా. దాన్ని బట్టి 20, 30 గ్రాములు అటూ ఇటూ మారుస్తా. కాయలు కోసే రోజుల్లో ఎక్కువ, ఇప్పుడు తోట ఖాళీ కాబట్టి 280.

సంగటి సంగతి అడుగుతారని తెలుసు. మాయమ్మ మాట కూడా అదే, "మీ తాత కాలం కుక్కలు సంగటి ముద్ద తినే కదరా పందుల్ని తరిమింది?" తరిమాయి. కానీ ముద్దతో పాటు కోసిన కోడి తోలు, పేగులు, చేలో ఎలుకలు, ఈనిన ఆవు మాయ, ఏది దొరికితే అది తినేవి. రాగిపిండిలో ప్రొటీన్ ఏడు శాతం దగ్గర, కొవ్వు రెండు శాతం లోపే. పైగా సంగటిలో ఎక్కువ భాగం నీళ్లే. దాంతోనే 1,300 కేలరీలు ఎక్కించాలంటే కేజీ పైన తినాలి, అంత కడుపుతో వాడు పరిగెత్తేదెట్లా? నేను సంగటి పూర్తిగా మానలేదు. పిడికెడు ముద్ద మజ్జిగలో పిసికి దీని మీద పోస్తా, ఆ మేరకు ఇది తగ్గిస్తా. ఉల్లిపాయ పడిన పులుసు మాత్రం వద్దు, కుక్క రక్తానికి ఉల్లి చేటు.

చెనక్కాయ చెక్క, అదే నూనె తీశాక మిగిలే పిప్పి, దాని గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నేను చేసిన తప్పు అది. నల్లోడికి ముందు మా దగ్గర ఉన్న కుక్కకు బలమని ఆవులకు తెచ్చిన చెక్క నానబెట్టి పెట్టేవాణ్ణి. ఆ వాన కాలం మూట అడుగున బూజు పట్టింది, పైపైన దులిపి పెట్టా. కుక్క తిండి మానేసింది, కళ్లు పచ్చబడ్డాయి. బూజు విషం లివర్‌ను తినేసింది అన్నారు డాక్టరు. బతకలేదు. దాని పేరు ఈ వీడియోలో చెప్పను, తమ్ముడు ఏడుస్తాడు.

ఈ సంచికీ బూజు కాకపోయినా వేరే ప్రమాదం ఉంది. కొవ్వు ఎక్కువ కదా, మన ఎండలకు తెరిచి పెడితే ముక్కిపోతుంది. ఆ ముక్కిన వాసన వస్తే పారెయ్యండి. సంచిని సంచితోనే మూత ఉన్న డబ్బాలో పెట్టి నీడలో ఉంచా. జిప్ అయితే పదో రోజే ఊడిపోయింది, దాని గురించి మాట్లాడి ఏం లాభం.

పెట్టే వేళ ముఖ్యం. పనికి పోయే ముందు కడుపు నింపొద్దు. ఛాతీ లోతుగా ఉండే జాతులకు నిండు కడుపుతో పరిగెడితే కడుపు ఉబ్బి మెలిపడొచ్చు, గంటల్లో ప్రాణం పోతుంది. నల్లోడికి సాయంత్రం ఐదింటికి కొంచెం, పొద్దున తోట నుంచి వచ్చి రొప్పు తగ్గాక, నీళ్లు తాగాక మిగతాది. నీళ్ల తొట్టి తోటకు రెండు చివరలా ఉంది.

ఫలితం? నల్లోడు తెల్లవారుజాము రౌండు కూడా మొదటి రౌండు ఊపుతోనే వేస్తున్నాడు. ఇంతకుముందు మూడింటికల్లా మోటారు షెడ్డులో పడుకునేవాడు. పేడ గట్టిగా, తక్కువగా వస్తోంది. గువ్వకు నాలుగు రోజులు పెట్టి చూస్తే విరేచనాలు పట్టుకున్నాయి. పడుకునే ముసలిదానికి ఇంత కొవ్వు ఎందుకు, తప్పు నాది. బిస్కెట్టులాగా అందరి కుక్కలకూ ఇది పెట్టకండి.

ధర చూస్తే వెయ్యి కేలరీలకు వంద రూపాయలు. నేను ఇంతకుముందు వాడిన 22/10 రకం కేజీ రెండొందలు, అందులో వెయ్యి కేలరీలు 62కే వస్తాయి. మామిడి సీజన్లో రెండు మూడు నెలలు ఇది, మిగతా కాలం అది. అదీ లెక్క ప్రకారం. కానీ మనసులో మాట చెప్పాలా? తిండికి పదికి ఎనిమిది ఇస్తా, ఆ వెనక పట్టికకు సున్నా. కేలరీలు, గ్రాములు సంచి మీద వేసేదాకా మూడో సంచి కొనను. ఈ మాటే కంపెనీకి మెయిల్ పెట్టా. జవాబొస్తే కామెంట్లలో పిన్ చేస్తా.

ఆగరా నల్లోడా, వస్తాండా.