స్తంభం కాళ్ల దగ్గర మొదలు

శ్రోతలకు నమస్కారం. జపాన్‌లో కాపురం లేని ఇళ్లు సుమారు 90 లక్షలని 2023 నాటి అక్కడి ప్రభుత్వ సర్వే తేల్చింది. వాటిలో తరాల నాటి పెద్ద చెక్క ఇళ్లూ ఉన్నాయి. వాటిని కొమింకా అంటారు. అలాంటి ఇంటిని బాగుచేసి బస చేసేవాళ్లకు ఇవ్వాలనుకునేవారు ముందు స్నానాల గదికీ వంటగదికీ డబ్బు పోస్తారు. అది తలకిందుల లెక్క. మొదటి ఖర్చు నేలపలకల కింద పెట్టాలి.

1950లో భవన నిర్మాణ ప్రమాణాల చట్టం వచ్చింది. అంతకుముందు కట్టిన పల్లె ఇళ్లలో చాలావాటికి పునాది గోడ ఉండదు. నేలలో సర్దిన రాళ్ల మీద స్తంభాలు ఊరికే నిలబడి ఉంటాయి, బోల్టు ఉండదు. భూకంపం వస్తే ఇల్లు ఊగి కొంతవరకు తట్టుకుంటుంది. దాని పెద్ద బలహీనత స్తంభం అడుగున ఉంటుంది. అక్కడ చెమ్మ చేరితే చెదలు వెనకే వస్తాయి. సుత్తితో తట్టి చూడండి. బోలుగా మోగితే, స్క్రూడ్రైవర్ మొన మెత్తగా దిగితే, ఆ భాగం పోయినట్టే.

అంతమాత్రాన స్తంభం మొత్తం మార్చనక్కర్లేదు. కుళ్లిన అడుగు కోసేసి కొత్త కర్ర అతుకుతారు. ఈ పనిని నెత్సుగి అంటారు. పై ముక్కకూ కింది ముక్కకూ ఒకేలాంటి మెట్లు చెక్కి, పక్క నుంచి జొనిపి, నడుమ చెక్క చీల దిగ్గొడతారు. చీల దిగేకొద్దీ రెండు ముక్కలూ బిగుసుకుంటాయి. రాయిని చదును చేయరు. దాని మిట్టపల్లాలను కర్ర మీద గీసుకుని, స్తంభం అడుగునే రాయికి సరిపడేలా చెక్కుతారు. దీనికి ఇంటిని జాకీలతో లేపాలి. ఒక మూల గబగబా లేపితే మట్టి గోడలు పగులుతాయి, దూలాల అతుకులు ఊడతాయి. అన్ని వైపులా కొంచెం కొంచెంగా, రోజుల తరబడి లేపాలి. జరుపుడు తలుపుల పని ఆ తర్వాతే. ముందే సరిచేస్తే, ఇల్లు మట్టానికి వచ్చాక మళ్లీ పట్టేస్తాయి.

ఇక్కడే జరిగే పెద్ద పొరపాటు, చలికి భయపడి కింద గాలి ఆడే సందులన్నీ సిమెంటుతో మూసేయడం. నేల చెమ్మ బయటికి పోయే దారి లేక, కొత్తగా అతికిన కర్ర కూడా కుళ్లుతుంది. పడకగదుల నేలపలకల కింద చలి ఆపే పొర వేయండి, దాని కింద గాలి మాత్రం ఆడనివ్వండి.

మట్టి గోడల పని మనవాళ్లకు కొత్త కాదు. మట్టిలో గడ్డి కలిపి నానబెట్టి తొక్కడం మన పల్లెల్లోనూ ఉన్నదే. అక్కడ దాన్ని వెదురు తడికకు మెత్తుతారు. తొలి పూత పూర్తిగా ఆరడానికి నెలలు పట్టవచ్చు. తొందరపడి మలి పూత వేస్తే లోపలి తడి బూజుగా బయటపడుతుంది.

అనుమతుల సంగతి వడ్రంగిని పిలవక ముందే చూసుకోవాలి. ఇళ్లలో అతిథుల బసపై 2018 జూన్‌లో అమల్లోకి వచ్చిన చట్టం కింద నమోదైన ఇంట్లో ఏడాదికి 180 రోజులకు మించి అతిథులను ఉంచకూడదు. ఏడాది పొడవునా నడపాలంటే సాదా వసతి గృహం లైసెన్సు కావాలి. దాన్ని హొకెంజో అనే ప్రజారోగ్య కార్యాలయంలో అడగాలి. ఇల్లు వాడకం మారే భాగం 200 చదరపు మీటర్లు దాటితే భవన నిర్మాణ చట్టం కింద ధ్రువీకరణ కూడా తప్పదు. ఆ లైసెన్సుతో నడిచే ఇల్లు ఎంత చిన్నదైనా నిప్పు రేగితే మోగే అలారం ఉండాలి. చిన్న ఇళ్లకు ఒకదానితో ఒకటి వైర్‌లెస్‌గా మాట్లాడుకునే అలారాలు చాలు. పాత దూలాలకు బెజ్జాలు పెట్టి తీగలు లాగే అవస్థ తప్పుతుంది.

గడ్డి కప్పు ఉన్న ఇల్లయితే ఇరోరిని, అంటే నేల నడుమ ఉండే పొయ్యిని, చల్లారనివ్వకండి. ఆ పొగే కప్పును ఆరబెడుతుంది, పురుగును తరుముతుంది. పొయ్యి మానేసిన ఇంట్లో గడ్డి త్వరగా పాడవుతుంది.

జూన్, జూలై ముసురులో అతిథులు లేరని ఇంటిని మూసి ఉంచితే తతామి చాపలకు బూజు పడుతుంది. వాన తెరిపిచ్చిన పూట తలుపులు తీయండి. చాపను పొడిబట్టతో, అల్లిక వెంట తుడవండి. అడ్డంగా రుద్దితే గడ్డిపోచలు లేస్తాయి.