విటమినే కదమ్మా!

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలందరినీ పేరుపేరునా తలుచుకోవాలి గానీ, పిల్లల్ని వార్డులో వదిలి వచ్చిన అమ్మానాన్నలున్నారు ఇక్కడ, వాళ్లకి టైం లేదు, పెద్దలు మన్నించాలి.

నాకిచ్చిన అంశం లుకేమియా, అంటే రక్త కేన్సర్ ఉన్న పిల్లల్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్, యాంటీఆక్సిడెంట్లు. స్ట్రెస్ అంటే మనం పడే టెన్షన్ అనుకునేరు, అది కాదు. ఒంట్లో ఫ్రీ రాడికల్స్ అనేవి పుడుతూనే ఉంటాయి, అందినదాన్నల్లా పాడుచేస్తాయి, వాటిని అణిచే గ్లూటాథియోన్ లాంటివీ ఒంట్లోనే తయారవుతాయి, అలా అణిచేవే యాంటీఆక్సిడెంట్లు. లుకేమియాలో ఈ లెక్క తప్పుతుంది, ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటే అదే, జబ్బు వల్ల కొంత, మందుల వల్ల కొంత. మీరు ఎర్ర మందు అంటారే, డాక్సోరుబిసిన్, అది ఫ్రీ రాడికల్స్ పుట్టిస్తుంది, గుండె కండరంలో వాటిని తట్టుకునే కాటలేజ్ ఎంజైమ్ తక్కువ. అన్నిసార్లు ఎకో, అదే గుండె స్కాన్, తీయించేది అందుకే.

ఇంత విన్నాక ఏమనిపిస్తుంది? అయితే ఓ యాంటీఆక్సిడెంట్ సీసా కొనేస్తే సరి అనిపిస్తుంది. నా బాధంతా అక్కడే.

నేను నర్సుగా చేరిన కొత్తల్లో ఒక బాబు వాళ్ల నాన్నని రోజూ అడిగేదాన్ని, "వేరే మందులేమైనా ఇస్తున్నారా?" అని. "లేదమ్మా" అనేవాడు. ఒకరోజు లాకర్ తుడుస్తుంటే బ్రష్షూ పేస్టూ పక్కనే టానిక్ సీసా, సగం ఖాళీ, మూత అంచున ఎండిపోయిన జిగురు. దాచనైనా దాచలేదు. "ఇది మందు కాదు కదమ్మా, విటమినే కదా!" అన్నాడు. అబద్ధమాడలేదండీ ఆయన, నా ప్రశ్నే తప్పు. లేబుల్ మీద చీమంత అక్షరాల్లో ఫోలిక్ యాసిడ్ అని ఉంది. ఆ బాబుకి నడుస్తున్నది మెథోట్రెక్సేట్ అనే కీమో మందు, అది పనిచేసేదే ఫోలేట్‌కి, అంటే ఈ ఫోలిక్ యాసిడ్ జాతి విటమిన్‌కి అడ్డుపడి!

ఫోలిక్ యాసిడ్‌ని యాంటీఆక్సిడెంట్ల లెక్కలో వేశావేంటని ముందు వరుసలో డాక్టరుగారు నవ్వుతున్నారు. వెయ్యలేదు సార్, కానీ సీసాలో అన్నీ కలిసే వస్తాయి కదా.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు కూడా ముందు మంచిదనుకునే ఈ ఫోలిక్ యాసిడ్ జాతివే పిల్లలకిచ్చి చూశాడు, జబ్బు ఇంకా జోరందుకున్నట్టు కనిపించింది. దాంతో తిరగేసి ఆలోచించి, ఫోలేట్‌ని అడ్డుకునే అమినోప్టెరిన్ ఇచ్చాడు. 1948లో అచ్చయిన ఆ వివరాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి కొన్నాళ్లపాటు గుణం కనిపించింది. మెథోట్రెక్సేట్ దాని చెల్లెలే. మెథోట్రెక్సేట్ హై డోస్ ఇచ్చాక మంచి కణాల్ని కాపాడ్డానికి మేమే ల్యూకోవోరిన్ అనే మందు ఇస్తాం, అదీ ఫోలేట్ జాతే, కాకపోతే గడియారం చూసి, రక్తంలో మందు ఎంతుందో కొలిచి ఇస్తాం.

యాంటీఆక్సిడెంట్ విటమిన్లు తక్కువగా అందిన పిల్లల్లో కీమో ఇబ్బందులు ఎక్కువ కనిపించాయని 2004లో ఒక పరిశీలన వచ్చిన మాట నిజమే. అంతమాత్రాన మాత్రలు మింగిస్తే తగ్గుతాయని అది తేల్చలేదు, చదివేవాళ్లు ఈ రెండో మాట వదిలేస్తారు.

స్లైడ్లు ఇంకా ఉన్నాయి, వదిలేద్దాం. ఇప్పుడు నేను మందుల గురించి అడగడం లేదు. సీసా, పొడి, చుక్కలు, చుట్టాలిచ్చిందీ మీరు కొన్నదీ, ఏదున్నా సరే సంచుల్లోంచి తీయండి. వెనక వరుసలో సంచి ఒళ్లోకి లాక్కున్న అమ్మా, నేనేమీ అననులే, మీ దగ్గరికే వస్తున్నా, లేబుల్ ఇద్దరం కలిసి చదువుదాం.