బాలింత మాట వినడం థెరపిస్టులకు ఎలా నేర్పుతారు?

తెర మీద: గుంటూరులో ఒక ఆసుపత్రి గేటు. చెవులకు స్కార్ఫ్ కట్టుకున్న బాలింత, పక్కన వాళ్లమ్మ, ఆమె చేతిలో వేడినీళ్ల ఫ్లాస్కు.

వాయిస్: కాన్పయ్యాక మన ఇళ్లలో బాలింతకు సేవ బాగానే జరుగుతుంది. చెవుల్లో దూది, ఒంటికి నూనె, పథ్యం కూరలు. చుట్టూ ఇంతమంది ఉన్నా రాత్రిపూట ఆమె గోడవైపు తిరిగి ఏడుస్తుంటే, "నిద్ర లేక అలా ఉందిలే" అంటాం. మొదటి రోజుల్లో వచ్చే ఏడుపు చాలామందికి రెండు వారాల్లోపే తగ్గిపోతుంది, నిజమే. తగ్గకపోతే మాత్రం అది డిప్రెషన్ కావచ్చు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి 2017లో లెక్కగట్టారు. కాన్పయిన తల్లుల్లో సుమారు 22 శాతం మంది, అంటే ఐదుగురిలో ఒకరు, దీనితో బాధపడుతున్నారని తేలింది.

తెర మీద: కాగితం మీద మూడు వలయాలు. నడుమ "నేను".

వాయిస్: దీనికి పనిచేసే చికిత్సల్లో ఇంటర్‌పర్సనల్ సైకోథెరపీ ఒకటి, అంటే అయినవాళ్లతో ఉన్న బంధాల మీద దృష్టి పెట్టి మాటలతో చేసే చికిత్స. పొట్టిగా ఐపీటీ అంటారు. 1970ల్లో అమెరికాలో జెరాల్డ్ క్లెర్మన్, మిర్నా వైస్‌మన్ దీన్ని తయారుచేశారు. దగ్గరివాళ్లు పోయిన దుఃఖం, అయినవాళ్లతో పేచీ, జీవితంలో పెద్ద మార్పు, చెప్పుకునేందుకు మనిషే లేకపోవడం. డిప్రెషన్‌తో ముడిపడినది వీటిలో ఏదో ముందు పట్టుకుంటారు. మామూలుగా 12 నుంచి 16 వారాలు, వారానికోసారి. 2000లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో 120 మంది బాలింతలు పాల్గొన్నారు. 12 వారాలు ఐపీటీ తీసుకున్నవాళ్లు, వంతు కోసం ఆగినవాళ్లకంటే బాగా కోలుకున్నారు.

ఈ వలయాల కాగితం మొదటి వారాల్లోది. బాగా దగ్గరివాళ్లు లోపలి వలయంలో, మిగతావాళ్లు బయట. భర్త పేరు ఎక్కడ రాయాలో తెలియక పెన్ను గాల్లోనే ఆగిపోయిందంటే, థెరపిస్ట్ అక్కడ తొందరపెట్టకూడదు.

తెర మీద: ట్రైనింగ్ గది. ఎదురెదురుగా రెండు కుర్చీలు.

వాయిస్: పుస్తకంలో ఉన్నది వర్క్‌షాప్‌లో నేర్పేయొచ్చు. సలహా ఇచ్చే అలవాటు మాన్పించడమే కష్టం. మనం పుట్టిందగ్గర్నుంచి "సర్దుకుపోవాలమ్మా" అని వింటూ పెరిగాం, శిక్షణకు వచ్చేవాళ్లూ అంతే. అందుకే రోల్ ప్లే చేయిస్తారు. ఒకటి ఊహించుకుందాం. పురిటికి గుంటూరు పుట్టింటికి వచ్చిన అమ్మాయి, భర్తకు విజయవాడ ఆటోనగర్‌లో పని.

"మా ఆయన అసలు పట్టించుకోరండీ."

కొత్త థెరపిస్ట్ నోటికి వెంటనే వచ్చేది: "మగవాళ్లు అంతేనమ్మా, మనమే సర్దుకోవాలి."

అక్కడ ట్రైనర్ ఆపుతారు. మళ్లీ మొదట్నుంచి.

"ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడుకున్నారమ్మా?"
"నిన్న రాత్రి ఫోన్‌లో."
"ఆయన ఏమన్నారు?"
"బాబు పడుకున్నాడా అన్నారు. ఊఁ అన్నాను. పెట్టేశారు."
"అప్పుడు మీకు ఏం అడగాలనిపించింది?"
"ఆదివారం వస్తారా అని."
"అడిగారా?"
"అడిగితేగానీ తెలియదా ఆయనకి?"

చూశారా, విజయవాడ నుంచి గుంటూరు గంట ప్రయాణం. ఆ గంట దూరాన్ని దాటలేకపోతున్నది ఒక్క ప్రశ్న. "పట్టించుకోరు" అన్న మాట దగ్గరే థెరపిస్ట్ ఆగిపోతే ఇది బయటపడదు. ఎవరు ఏమన్నారో, తర్వాత ఏమైందో మాట మాటా అడగాలి. ఆ తర్వాత ఆదివారం సంగతి ఎలా అడగాలో ఆమె చేతే అనిపించి చూస్తారు. ఒకసారి కోపంగా, ఒకసారి మెల్లగా, గొంతు వణికినా సరే. నాకు ఈ చికిత్సలో అన్నిటికంటే విలువైనది ఇదే అనిపిస్తుంది.

తెర మీద: హెడ్‌ఫోన్స్, ఆడియో రికార్డింగ్.

వాయిస్: వర్క్‌షాప్ అయిపోగానే థెరపిస్ట్ తయారైనట్టు కాదు. ఆ తర్వాత నిజమైన కేసులు చూడాలి. తల్లి ఒప్పుకుంటే సెషన్లు రికార్డు చేస్తారు. అనుభవమున్న సూపర్‌వైజర్ విని, ఎక్కడ తొందరపడ్డారో, ఏ మాట వినకుండా దాటేశారో చెబుతారు.

ఒక ప్రశ్నను మాత్రం దాటవేయకూడదు. కాన్పయ్యాక డిప్రెషన్ ఉందేమో కనిపెట్టడానికి 1987లో వచ్చిన ఎడిన్‌బరో స్కేల్‌లో పది ప్రశ్నలుంటాయి. పదోది, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అన్నది. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది టెన్షన్ పడతారు. అలా జరగదు. సూటిగా, నెమ్మదిగా అడగాలి. తల్లి ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, లేనివి వినబడుతున్నాయంటున్నా అది ఐపీటీకి ఆగే కేసు కాదు. ఆ రోజే సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లాలి.

మరి ఇంతమంది థెరపిస్టులు ఎక్కడున్నారు? ఉగాండాలో స్థానికులకే రెండు వారాలు శిక్షణ ఇచ్చి, పల్లెల్లో 16 వారాలు ఐపీటీ గ్రూపులు నడిపించారు. డిప్రెషన్ బాగా తగ్గిందని 2003లో ప్రచురించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో గ్రూప్ ఐపీటీకి మాన్యువల్ ఇచ్చింది. ఇంటింటికీ తిరిగే మన ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు, వెనక సూపర్‌వైజర్ ఉంటే, ఇది నేర్పొచ్చని నా గట్టి నమ్మకం. బాలింత గదిలోకి వెళ్లి మంచం పక్కన కూర్చునే చనువు వాళ్లకు ఇప్పటికే ఉంది.

తెర మీద: మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416. 24 గంటలూ, ఉచితం. తెలుగులో మాట్లాడొచ్చు.