షావుకారు, జీడి కార్మికురాలు, మధ్యలో ఒక అంకె

అందరికీ నమస్కారం. కాశీబుగ్గకు పిలిచి చిన్న పరిశ్రమల గురించి చెప్పమంటే జీడిపప్పును పక్కనపెట్టి మాట్లాడలేం కదా. ముందు వరుసలో యజమానులు కూర్చున్నారు, వెనక పప్పు ఒలిచే అక్కచెల్లెళ్లు నిలబడి ఉన్నారు. కుర్చీలు చాలలేదట, సరే.

చిన్న చోట యజమానికీ పనివాళ్లకీ గొడవలుండవని చాలామంది నమ్మకం. బ్రిటన్‌లోనూ అలాగే అనుకున్నారు. చిన్న సంస్థల మీద 1971లో వచ్చిన బోల్టన్ కమిటీ నివేదిక, వాటిలో సంబంధాలు పెద్ద ఫ్యాక్టరీల కంటే సామరస్యంగా ఉంటాయని చెప్పింది. తర్వాత పరిశోధకులు లోపలికి వెళ్లి చూస్తే అసలు సంగతి తెలిసింది. యూనియన్ లేదు కాబట్టి సమ్మె లేదు. నచ్చనివాడు దెబ్బలాడకుండా పని మానేసి పోతున్నాడు.

మన దగ్గర మానేయడమూ తేలిక కాదు, అడ్వాన్స్ ఉంటుంది. కూతురి పెళ్లికో ఆసుపత్రికో షావుకారు ఇచ్చిన డబ్బు వారం వారం కూలిలో తెగుతుంది. ఆ సాయం చిన్నదని నేననను, బ్యాంకు ఇవ్వనిది ఆయన ఇచ్చాడు. కానీ ఎంత తీరిందో, ఎంత మిగిలిందో రాసిన పుస్తకం ఆయన గల్లాపెట్టెలోనే ఉంటుంది. కాటా దగ్గరా అదే తంతు. కిలో లెక్కన కూలి, పప్పు విరిగి బద్దలు ఎక్కువైతే కోత. పప్పు ఒలిచే ఆమె చేతిలో విరిగిందా, సరిగా ఆరక విరిగిందా, ఎవరు తేలుస్తారు? అడిగితే, 'ఇంట్లో మనిషిలా చూసుకుంటుంటే లెక్కలడుగుతావేంటమ్మా' అంటారు. పిక్కలు కొట్టేటప్పుడు జీడి రసానికి చేతులు కాలకుండా రాసుకునే ఆముదం ఎవరి ఖర్చన్నదీ నోటిమాటే.

మరి చట్టం ఏం చేస్తోంది? చాలా దేశాల్లో గుమ్మం దగ్గర ఆగి మనుషుల్ని లెక్కపెడుతోంది. దక్షిణ కొరియాలో అయిదుగురి కంటే తక్కువుంటే కార్మిక చట్టంలో చాలా భాగం వర్తించదు, ఓవర్‌టైమ్‌కి అదనపు రేటు కూడా ఇవ్వక్కర్లేదు. జపాన్‌లో పదిమంది ఉంటే పని నియమాలు రాసి ప్రభుత్వానికి ఇవ్వాలి. నాకు నచ్చింది జర్మనీ. అయిదుగురున్న చోట కూడా ఉద్యోగులు తమ తరఫున యజమానితో మాట్లాడే కౌన్సిల్‌ను ఎన్నుకోవచ్చు. అంత చిన్న చోట్ల ఎన్నుకునేది తక్కువే, అక్కడా మొహమాటాలుంటాయి. ఇటలీలో 1970 నాటి చట్టం, అన్యాయంగా తీసేసినవారిని తిరిగి తీసుకోవాలన్న నియమాన్ని 15 మంది దాటిన సంస్థలకే పెట్టింది. దానికోసం కొందరు 15 దగ్గరే ఆగిపోయారా అని ఆర్థికవేత్తలు లెక్కలు కట్టారు. ఆగినవాళ్లున్నారు గానీ, అనుకున్నంతమంది లేరు. మనవాళ్లు ఇంకా తెలివైనవాళ్లు. ఒకే ప్రహరీలో భార్య పేర ఒక యూనిట్, బావమరిది పేర ఇంకొకటి. నవ్వకండి, నేనెవరి పేరూ చెప్పలేదు.

మనకు ఈఎస్ఐకి పదిమంది, పీఎఫ్‌కి ఇరవైమంది హద్దు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో, కరెంటుతో నడిచే చోటును ఫ్యాక్టరీగా లెక్కించే హద్దు పదిమంది నుంచి ఇరవైమందికి పెరిగింది. ఇది నాకు నచ్చలేదు. అయితే వేతనాల కోడ్‌లో కనీస వేతనానికి ఇంతమంది ఉండాలన్న షరతు లేదు. ఇద్దరే ఉన్నా, పీసు రేటు మీద పనిచేస్తున్నా ఇవ్వాల్సిందే. ఎంతిచ్చారో చీటీ కూడా రాసివ్వాలి.

యజమానుల ఇబ్బంది నాకు తెలుసు. ఆఫ్రికా పిక్కల ధర, వియత్నాం మెషీన్ల పోటీ, ఈ రెండింటి మధ్య మిగిలేది కొంచెమే. అందుకే పెద్ద కోరికలు కోరను. అడ్వాన్స్ లెక్క రెండు పుస్తకాల్లో రాయండి, ఒకటి ఆమె ఇంట్లో ఉండనివ్వండి. కాటా అంకెలు ఆమె వైపూ కనబడాలి. బద్దలకు కోత ఎంతో గోడ మీద రాయించండి, సీజన్ మధ్యలో మార్చకండి.

ఇక ప్రశ్నలు అడగండి. మైకు ముందు వెనక వరుసకి ఇవ్వండి, యజమానులు తర్వాత మాట్లాడతారు.