రేవు కంటే ముందు రైలు

వ్యాఖ్యాత: నమస్కారం. తీరప్రాంతానికి పెట్టుబడి ఎలా వస్తుంది, వస్తుందనుకున్నది ఎందుకు రాకుండా పోతుంది, ఇదీ ఇవాళ్టి ముచ్చట. మన అతిథి ఓడరేవుల నిర్మాణంలో ముప్పై ఏళ్లు పనిచేసిన ఇంజినీరు. ప్రాజెక్టు నివేదికలు రాశారు, ఇతరులు రాసినవి చదివి వెనక్కి తిప్పి పంపారు కూడా. సార్, మొదటి ప్రశ్న. లోతైన తీరం ఉంది, అంతర్జాతీయ ఓడల దారి కూతవేటు దూరంలో ఉంది. ఇంకేం కావాలి?

అతిథి: సరుకు కావాలమ్మా. (నవ్వు) మీరిప్పుడు చెప్పిన రెండు మాటలూ నేను చదివిన ప్రతి నివేదికలోనూ మొదటి పేజీలోనే ఉండేవి. శ్రీలంకలోని హంబన్‌టోట తీసుకోండి. ఆసియా, ఐరోపాల మధ్య తిరిగే ఓడలు ఆ తీరానికి దగ్గరగానే వెళతాయి. 2010లో రేవు తెరిచారు. ఓడలు మాత్రం ఎప్పటిలాగే ముందునుంచి సాగిపోయాయి.

వ్యాఖ్యాత: ఎందుకు ఆగలేదు?

అతిథి: ఎందుకు ఆగాలి? ఓడ ఆగితే డబ్బు ఖర్చు. దించడానికో ఎక్కించడానికో ఏదైనా ఉంటేనే ఆగుతుంది. హంబన్‌టోట వెనుక పెద్ద కర్మాగారాలు లేవు, పెద్ద నగరం లేదు. అదే ద్వీపంలో కొలంబో ఉంది, సరుకంతా అక్కడికే అలవాటు పడింది. చివరికి 2012లో కార్లు మోసుకొచ్చే ఓడలు కొలంబోకు బదులు హంబన్‌టోటకు వెళ్లాలని ప్రభుత్వమే ఆదేశించాల్సి వచ్చింది. 2017లో ఆ రేవును 99 ఏళ్ల లీజుకు ఒక చైనా సంస్థకు అప్పగించారు, 112 కోట్ల డాలర్లకు. దగ్గర్లోనే మత్తలలో 2013లో అంతర్జాతీయ విమానాశ్రయం కూడా కట్టారు. ప్రయాణికులు రాలేదు. కొంతకాలం అక్కడి గిడ్డంగుల్లో ధాన్యం నిల్వ చేశారు.

వ్యాఖ్యాత: ధాన్యమా!

అతిథి: గిడ్డంగి ఖాళీగా ఉంటే ఏదో ఒకటి నింపాలి కదా. దీన్ని అందరూ అప్పుల కథగా చెబుతారు. అదీ నిజమే. ఇంజినీరుగా నాకు కనిపించేది మాత్రం వరుస తప్పిన కథ. ముందు చేయాల్సింది వెనుకకు, వెనుక చేయాల్సింది ముందుకు వచ్చాయి.

వ్యాఖ్యాత: వరుస సరిగ్గా ఉన్న రేవు ఏదైనా చెప్పండి.

అతిథి: విశాఖపట్నం. రేవు ఎప్పుడు తెరిచారో చాలామందికి తెలుసు, 1933. దానికి రెండేళ్ల ముందు, 1931లో ఏం జరిగిందో అడిగితే తడుముకుంటారు. రాయపూర్ నుంచి విజయనగరం దాకా రైలుమార్గం పూర్తయింది. మధ్య పరగణాలు, అంటే నాటి సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని మాంగనీసుకు సముద్రానికి దగ్గరి దారి దొరికింది. అంటే సరుకు వచ్చే బాట సిద్ధమయ్యాకే రేవు తలుపు తెరిచారు. అలల ధాటిని ఆపడానికి రెండు పాత ఓడలను రేవు ముఖద్వారం దగ్గర ముంచేసి గోడగా వాడుకున్నారు. ఆ కథ వినడానికి బాగుంటుంది, అందరూ అదే చెబుతారు. నేనైతే రైలు గురించే చెబుతాను. 1960ల్లోనూ అదే జరిగింది. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా ఇనుప ఖనిజం జపాన్‌కు పంపడానికి కొత్తవలస, కిరండూల్ మధ్య కొండల్లో సొరంగాలు తవ్వి రైలు వేశారు. రేవు మళ్లీ పెరిగింది.

వ్యాఖ్యాత: అది ఖనిజాల కాలం కదా సార్. ఇప్పుడు అందరూ కర్మాగారాలు కావాలంటున్నారు.

అతిథి: అయితే మొరాకో వెళదాం. టాంజియర్‌కు తూర్పున, జిబ్రాల్టర్ జలసంధి ఒడ్డున, టాంజియర్ మెడ్ రేవు 2007లో మొదలైంది. అటువైపు స్పెయిన్ కంటికి కనిపిస్తుంది. హంబన్‌టోటలాగే ఓడల దారి పక్కనే. కానీ అక్కడ ఒకే ప్రభుత్వ సంస్థకు రేవూ, పారిశ్రామిక వాడలూ కలిపి అప్పగించారు. హైవే, రైలు కూడా రేవుతోపాటే ప్రణాళికలోకి వచ్చాయి. భూమి కోసం ఒక కార్యాలయం, కరెంటుకు ఇంకొకటి, రోడ్డుకు మరొకటి అని పెట్టుబడిదారుడు తిరగాల్సిన అవసరం తగ్గింది. రెనో కంపెనీ 2012లో అక్కడికి దగ్గర్లో కార్ల కర్మాగారం తెరిచింది. కార్లు రైలెక్కి నేరుగా రేవుకు వెళతాయి. పనివాళ్లకు నేర్పే శిక్షణ కేంద్రాన్ని కూడా పక్కనే పెట్టారు. 2024లో ఆ రేవు కోటికి పైగా కంటైనర్లను చూసింది, ఇరవై అడుగుల పెట్టెల లెక్కలో.

వ్యాఖ్యాత: పన్ను రాయితీలు కూడా ఇచ్చారు కదా?

అతిథి: ఇచ్చారు. రాయితీ వద్దని నేననడం లేదు. అయితే పక్క ప్రాంతం పదేళ్ల పన్ను మినహాయింపు ఇస్తే మనం పదిహేనేళ్లు ఇద్దామనే పోటీకి అంతు లేదు. 2017లో ప్రపంచ బ్యాంకు అభివృద్ధి చెందుతున్న దేశాల్లో పెట్టుబడి పెట్టిన కంపెనీల అధికారులను, 750 మందికి పైగా, అడిగి చూసింది. వాళ్లు ముందు వరుసలో పెట్టింది రాజకీయ స్థిరత్వాన్నీ, చట్టాలు నిలకడగా ఉండడాన్నీ. తక్కువ పన్ను వాటి తర్వాతే. పన్ను లాభం మీద పడుతుంది, లాభం రావాలంటే ముందు కర్మాగారం నడవాలి. ఈ చిన్న లెక్క వేదిక మీద ఎవరికీ గుర్తుండదు.

వ్యాఖ్యాత: వేదిక అన్నారు కాబట్టి అడుగుతున్నాను. పెట్టుబడుల సదస్సుల్లో సంతకాలు పెట్టే ఎంఓయూలు, అదే అవగాహన ఒప్పందాలు...

అతిథి: వాటిలో చాలావరకు చట్టపరంగా ఎవరినీ కట్టిపడేయవు. పెళ్లిచూపులకు వచ్చి కాఫీ తాగి వెళ్లినట్టు. ముహూర్తం పెట్టినట్టు కాదు. నేను చూసేది భూమి రిజిస్ట్రేషన్ అయిందా, బ్యాంకు అప్పు మంజూరైందా, కరెంటు కనెక్షన్‌కు డిపాజిట్ కట్టారా అని. ఆ మూడోది చూస్తే చాలు, తక్కినవి ఊహించుకోవచ్చు.

వ్యాఖ్యాత: నీళ్ల సంగతి? సముద్రం ఒడ్డున నీళ్లకేం కొదవ అనుకుంటారు చాలామంది.

అతిథి: (నవ్వు) నన్ను నిద్ర లేపి అడిగినా చెప్పగలిగే విషయం ఇదమ్మా. కొంచెం ఓపిగ్గా వినండి. తీరంలో భూమి కింద మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతూ ఉంటాయి, నూనె నీళ్ల మీద తేలినట్టు. ఉప్పునీరు కాస్త బరువు. ఆ తేడా చాలా చిన్నది, అందుకే లెక్క విచిత్రంగా ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలిచి ఉంటే, కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీరు ఉంటుంది.

వ్యాఖ్యాత: అంటే బోర్లు వేసి ఆ పైమట్టం ఒక మీటరు తగ్గించామనుకోండి...

అతిథి: కింద ఉప్పునీరు 40 మీటర్లు పైకి వచ్చే దాకా ఆగదు. ఒక్కరోజులో కాదు, ఏళ్ల మీద. బోరు వేసినవాడికి ఆ సంగతి తెలిసేసరికి పక్క పొలంలో బావి ఉప్పగా మారిపోయి ఉంటుంది. చెన్నైకి ఉత్తరాన మింజూరు చుట్టుపక్కల ఇలాగే అతిగా తోడేసి, ఉప్పునీరు కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చింది. 2010లో అక్కడే రోజుకు 10 కోట్ల లీటర్ల సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు మొదలైంది. అది పరిష్కారమే. కానీ ఆ పద్ధతిలో వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. కాబట్టి నీటి ప్రణాళిక అన్నది కరెంటు ప్రణాళికగా మారుతుంది. పారిశ్రామికవాడ మ్యాపు గీసేటప్పుడు నదీజలాల పైపు ఎక్కడినుంచి వస్తుందో గీయకపోతే, ఆ మ్యాపు గోడకు తగిలించుకోవడానికి పనికొస్తుంది.

వ్యాఖ్యాత: తుఫాన్లు? పెట్టుబడిదారులు వాటిని చూసి వెనక్కి తగ్గుతారా?

అతిథి: తుఫాను వస్తుందని అందరికీ తెలుసు. వాళ్లు అడిగేది, వచ్చాక కరెంటు ఎన్ని రోజులకు తిరిగి వచ్చిందని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడి స్తంభాలను నేలకూల్చింది. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో విద్యుత్ తీగలను భూమిలోకి దించే పని చేపట్టారు. ప్రారంభోత్సవానికి రిబ్బను కట్టడానికి కూడా అందులో ఏమీ కనిపించదు, అంతా మట్టిలోనే. కొత్త టవరు కంటే నేను ఆ తీగలకే ఎక్కువ విలువ ఇస్తాను.

వ్యాఖ్యాత: ఇక ఇసుక. మీరు ఫోనులో మాట్లాడినప్పుడు దీని గురించి చాలాసేపు చెప్పారు.

అతిథి: మన తూర్పు తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. దానికి అడ్డంగా రాతిగోడ కట్టారనుకోండి, దక్షిణాన పేరుకుంటుంది, ఉత్తరాన కోసుకుపోతుంది. మద్రాసు రేవు పని 1876లో మొదలైంది. దక్షిణాన ఇసుక చేరి మెరీనా బీచి అంత వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు ఒడ్డు తరిగిపోయింది. ఒకరికి షికారు చోటు దొరికింది, మరొకరి ఇల్లు పోయింది. నూట యాభై ఏళ్ల కిందటి పాఠం. అయినా రేవు అంచనాల్లో ఇసుకను ఇటు తోడి అటు పోసే ఖర్చును ఏటా రాసేవాళ్లు తక్కువ. మొదటి ఏడాదికి రాసి ఊరుకుంటారు.

వ్యాఖ్యాత: ఆ ఇల్లు పోయినవాళ్లు ఎక్కువగా మత్స్యకారులే కదా. పెట్టుబడి లెక్కల్లో వాళ్లెక్కడ ఉంటారు?

అతిథి: చాలాకాలం ఎక్కడా లేరు. ఇప్పుడు అప్పిచ్చేవాళ్లకు వాళ్లు కనబడుతున్నారు. గుజరాత్‌లో ముంద్రా దగ్గర బొగ్గు విద్యుత్ కేంద్రానికి అప్పిచ్చిన ఐఎఫ్‌సీ మీద, అంటే ప్రపంచ బ్యాంకు బృందంలోని అంతర్జాతీయ ఆర్థిక సంస్థ మీద, అక్కడి మత్స్యకారులు అమెరికాలో దావా వేశారు. ఇలాంటి సంస్థలకు కోర్టుల నుంచి సంపూర్ణ రక్షణ లేదని 2019లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత కింది కోర్టుల్లో ఆ దావా నిలవలేదు, అది వేరే సంగతి. నా లెక్కలో జాలి కంటే తేదీలకే బరువు ఎక్కువ. మన 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు ప్రాజెక్టుకు 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యానికి 70 శాతం బాధిత కుటుంబాల సమ్మతి కావాలి. ఇది ఆలస్యమని విసుక్కునేవాళ్లున్నారు. ఒప్పించకుండా మొదలుపెట్టి, గేటు ముందు ధర్నాతో రెండేళ్లు ఆగిపోవడం ఇంకా పెద్ద ఆలస్యం. పడవలు నిలుపుకునే చోటు, వలలు ఆరబెట్టుకునే చోటు మ్యాపులో ముందే గుర్తిస్తే ఖర్చు చాలా తక్కువ.

వ్యాఖ్యాత: చివరగా ఒకటి. కొత్త తీరప్రాంతానికి మిమ్మల్ని ఒక్కరోజు పంపి, ఇక్కడ పెట్టుబడి పెట్టవచ్చా అని అడిగితే ఎక్కడికి వెళతారు?

అతిథి: ముందు విద్యుత్ సబ్‌స్టేషనుకు. కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది అని రాసిన రిజిస్టరు అడుగుతాను. తర్వాత గూడ్సు రైలు ఆగే చోటుకు. అక్కడ ఎవరూ లేకపోతే కాసేపు కూర్చుని, ఎందుకు లేరో ఆలోచిస్తాను. మధ్యాహ్నం ఏదో ఒక బావిలో నీళ్లు రుచి చూస్తాను.

వ్యాఖ్యాత: సముద్రం దగ్గరికి వెళ్లరా?

అతిథి: వెళతాను. అసలు రోజు మొదలయ్యేదే అక్కడ, తెల్లవారుజామున, పడవలు ఒడ్డుకు చేరే వేళ. ఇరవై ఏళ్ల కిందట ఒడ్డు ఎక్కడ ఉండేదని అడుగుతాను. వాళ్లు ఒక చెట్టును చూపిస్తారు. లేదా చెట్టు ఉండిన చోట నీళ్లను చూపిస్తారు.