దేవతలకీ కాలం చెల్లుతుందా? మరి మన ఆత్మకి?

(దృశ్యం: విజయవాడ దుర్గా ఘాట్, మహాలయ అమావాస్య ఉదయం)

నమస్కారమండి. ఇవాళ దుర్గా ఘాట్‌లో అడుగు పెట్టడానికి చోటు లేదు. మెట్ల మీద వరసగా కూర్చుని తర్పణాలు వదులుతున్నారు.

(క్లోజప్: చెయ్యి, నల్ల నువ్వులు, దర్భ)

ఈ చేతిని గమనించండి. దేవుడికైతే నీళ్లు వేళ్ల కొసల నుంచి జారవిడుస్తారు. పితృదేవతలకి మాత్రం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి వదలాలి. పురోహితుడు చెప్పిస్తున్నది వినండి. తండ్రిని వసురూపం అంటున్నాడు, తాతని రుద్రరూపం, ముత్తాతని ఆదిత్యరూపం. అంటే మొన్న మొన్నటి దాకా కాఫీలో చక్కెర తక్కువైందని గొడవపడిన నాన్నగారు ఇప్పుడు వసువుల వరసలో ఉన్నారన్నమాట. బాగానే ఉంది. ఇంతకీ ఆ దేవతలు ఎన్నాళ్లుంటారు?

(గ్రాఫిక్: మన్వంతరాల లెక్క)

పురాణాలు దీనికి మొహమాటం లేకుండా లెక్క కట్టాయి. ఒక మహాయుగం 43,20,000 సంవత్సరాలు. అలాంటివి 71 గడిస్తే ఒక మన్వంతరం, సుమారు 30 కోట్ల 67 లక్షల ఏళ్లు. మన్వంతరానికో ఇంద్రుడు. బ్రహ్మకి ఒక పగలు గడిచేసరికి 14 మంది ఇంద్రులు వచ్చి వెళ్లిపోతారు. ఇప్పుడు నడుస్తున్నది ఏడో మన్వంతరం, ఈ ఇంద్రుడి పేరు పురందరుడు. తర్వాత ఆ కుర్చీ ఎవరిదో కూడా ఖాయమైపోయింది: బలి చక్రవర్తిది. రాక్షసుడికి! చూడబోతే రిటైర్మెంట్ ఉన్న ఉద్యోగమే ఇది. విష్ణుపురాణమైతే సూటిగా చెప్పేసింది, ప్రళయం దాకా నిలిచి ఉండటాన్నే అమృతత్వం అంటారని.

(దృశ్యం: అమరావతి, మహాచైత్యం)

గుంటూరులో బస్సెక్కి అమరావతిలో దిగండి. అమరేశ్వరుడి గుళ్లో లింగాన్ని ఇంద్రుడే ప్రతిష్ఠించాడని స్థలపురాణం. అదే ఊళ్లో బౌద్ధుల మహాచైత్యం, అంటే పెద్ద స్తూపం. దేవతకి చావు దగ్గరపడితే కనిపించే ఐదు గుర్తులు బౌద్ధ గ్రంథాల్లో ఉన్నాయి. మెడలో పూలదండ వాడుతుంది. బట్టలు మాస్తాయి. చంకల్లో చెమట పడుతుంది. ఒంట్లో కళ తప్పుతుంది. తన ఆసనం మీద తనకే కూర్చోబుద్ధి కాదు.

ఇది చదివినప్పుడల్లా నాకు దమయంతి స్వయంవరం గుర్తొస్తుంది. నలుడి రూపంలో నలుగురు దేవతలు కూడా వచ్చి కూర్చున్నారు. ఆ ఐదుగురు నలుళ్లలో అసలు వాణ్ణి ఎలా పట్టుకుంది? మిగతా నలుగురికీ చెమట పట్టలేదు, దండ వాడలేదు, రెప్ప పడలేదు, కాళ్లు నేలకి ఆనలేదు. ఏ చెమట లేకపోవడం చూసి వాళ్లు దేవతలని తెలిసిందో, కాలం చెల్లే రోజున ఆ చెమటే పడుతుంది.

(గ్రాఫిక్: గీత, 9వ అధ్యాయం)

పుణ్యం అయిపోగానే మళ్లీ మర్త్యలోకానికి రావాల్సిందేనని గీత చెబుతోంది. స్వర్గం సంపాదించుకున్నది కాబట్టి ఖర్చైపోతుంది. ఆత్మ సంగతి వేరు. అది పుట్టలేదు, చావదు అని రెండో అధ్యాయం. ఒకరిస్తే వచ్చింది కాదు గనక ఒకరు లాక్కునేది కూడా కాదు. దేవత ఒంట్లో ఉన్నా, చీమ ఒంట్లో ఉన్నా ఆ నిత్యత్వంలో తేడా రాదు. బౌద్ధులు అసలు శాశ్వతమైన ఆత్మనే ఒప్పుకోరు. గుణదల కొండ మీద మేరీమాత గుళ్లో క్రైస్తవుల్ని అడిగితే, దేవదూతలకీ మనిషి ఆత్మకీ చావు లేదుగానీ, ఇద్దరినీ సృష్టించింది దేవుడే అంటారు.

మరి చిరంజీవులో? ఆ ఏడుగురిలో అశ్వత్థామ కూడా ఉన్నాడు. ఒళ్లంతా చీమూ నెత్తురూ కంపు కొడుతూ, పలకరించే దిక్కు లేకుండా 3,000 ఏళ్లు తిరగమని కృష్ణుడు అతన్ని శపించాడు. నన్నడిగితే, ఆయుష్షు పెరగడమే అమృతత్వం అనుకునేవాళ్లకి ముందు ఈ కథ చెప్పాలి.

(దృశ్యం: బొమ్మ, యముడి ముందు నచికేతుడు)

కఠోపనిషత్తులో నచికేతుడు ఆ బుట్టలో పడలేదు. నూరేళ్లు బతికే కొడుకుల్ని, మనవల్ని ఇస్తానన్నాడు యముడు. నువ్వూ కావాల్సినన్నేళ్లు బతకమన్నాడు. ఎంత బతుకైనా కొంచెమే, నీ గుర్రాలూ ఆటపాటలూ నీ దగ్గరే ఉంచుకోమన్నాడు ఆ కుర్రాడు. పోయినవాడు ఉంటాడా, ఉండడా, అది చెప్పు చాలన్నాడు. పూర్వం దేవతలకే ఈ అనుమానం ఉండేదని యముడు ఒప్పుకున్నాడు. తర్వాత ఆయనిచ్చిన జవాబు రెండో భాగంలో.