బండి రిపేరా సార్?

అందరికీ నమస్కారం. నేను ఈరోజు సైకిల్ మీద వచ్చినాను. గేటు దగ్గర వాచ్‌మన్ అడిగినాడు, "ఏం సార్, బండి రిపేరా?" అని. టవర్ క్లాక్ నుంచి ఈ కాలేజీకి వచ్చేలోపల ఇంకో ఇద్దరు ఇదే మాట అడిగినారు. అనంతపురంలో ఉద్యోగస్తుడు సైకిల్ తొక్కుతున్నాడంటే బండి చెడిపోయి ఉండాల, లేదా డాక్టర్ చెప్పి ఉండాల.

సైకిల్ మీద పనికొచ్చేవాళ్లకు బహుమతులిస్తే ఈ పద్ధతి మారుతుందా అన్నది మన విషయం. ఇచ్చి చూసినవాళ్లున్నారు. 2014లో ఫ్రాన్స్‌లో కొన్ని కంపెనీలు సైకిల్ మీద పనికొచ్చేవాళ్లకు ఆరు నెలలపాటు కిలోమీటరుకు 25 యూరో సెంట్లు లెక్కన ఇచ్చినాయి. తొక్కేవాళ్లు పెరిగినారు. అయితే కొత్తగా ఎక్కినవాళ్లలో చాలామంది అంతకుముందు బస్సుల్లో, రైళ్లలో తిరిగినవాళ్లే. కారు దిగినవాళ్లు తక్కువ. మనూర్లో పెట్టినా అంతే, షేర్ ఆటో దిగుతారు గానీ బుల్లెట్ దిగరు.

ఇటలీలో బొలోన్యా ఊరిది వేరే దారి. 2017లో అక్కడ నడిచినా, సైకిల్ తొక్కినా, బస్సెక్కినా ఫోన్‌లో పాయింట్లు పడేవి. వాటితో ఐస్‌క్రీమ్, సినిమా టికెట్, బీరు. బీరు అనంగానే వెనక వరసల్లో కదలిక వచ్చింది, చూస్తానే ఉన్నా! ఇందులో నాకు నచ్చింది బహుమతి చిన్నదిగా ఉండడం. ఏడాది చివర వెయ్యి రూపాయలిస్తామంటే మే నెల ఎండలో ఎవరికీ గుర్తుండదు. ఆఫీసు చేరంగానే ఒక గ్లాసు నన్నారి షర్బత్ అంటే గుర్తుంటుంది.

నగదు మాత్రం వద్దంటాను. ఇజ్రాయెల్‌లోని హైఫాలో కొన్ని శిశు సంరక్షణ కేంద్రాలు, పిల్లల్ని ఆలస్యంగా తీసుకుపోయే తల్లిదండ్రులకు జరిమానా పెట్టినాయి. ఆలస్యాలు తగ్గలేదు, పెరిగినాయి. అంతకుముందు మొహమాటం ఉండేది, జరిమానాతో దానికొక రేటు కట్టినట్టయింది. జరిమానా తీసేసినా పాత మొహమాటం తిరిగి రాలేదు. ఇక్కడ సైకిలంటే ముందే లేనోళ్ల బండి అనే పేరుంది. దినానికి పది రూపాయలిస్తే, "పది రూపాయల కోసం తొక్కుతున్నాడు పాపం" అంటారు.

బిహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోమని 2,000 రూపాయలిచ్చినారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లలు దాదాపు 30 శాతం పెరిగినారని కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ పరిశోధనలో తేలింది. బడి దూరంగా ఉన్న ఊర్లలోనే ఫలితం ఎక్కువ. నాకు తోచేది ఇంకొకటుంది. యూనిఫాంలో పదిమంది పిల్లలు వరసగా పోతుంటే ఏమ్మా, ఎందుకు తొక్కుతున్నావని ఎవరూ ఆపి అడగరు. అడిగేది నాలాంటి ఒంటరిగాణ్నే.

అందుకే ఈ కాలేజీలో బహుమతి మనిషికి కాదు, డిపార్ట్‌మెంటుకు పెడదాం. స్టాండులో వేపచెట్టు నీడ ఇప్పుడు కార్లకుంది, దాన్ని సైకిళ్లకిద్దాం. సైకిల్ మీద వచ్చినప్పుడల్లా కార్డు మీద ఒక ముద్ర, ఇరవై ముద్రలు పడిన కార్డుకు పంచర్, ట్యూబు మన ఖర్చు. యాప్ వద్దు, జేబులో ఫోన్ పెట్టుకుని స్కూటర్ మెల్లగా నడిపితే అదీ సైకిలే అనుకుంటుంది.

ముద్ర వేసేది వాచ్‌మన్. నన్ను బండి రిపేరా అన్నాయనే. ఆయన ఏండ్లుగా రోజూ సైకిల్ మీదే వస్తాడు, ఇంతవరకు ఆయన్ను ఎవరూ ఆ మాట అడగలేదంట. మొదటి కార్డు ఆయన పేరు మీద రాసి తెచ్చినా.